సీలు వ్యాపారి చేతికి



తెలంగాణకు సముద్రం లేదు. అయినా ఓడలో వచ్చిన కంటైనర్లు హైదరాబాద్ సనత్‌నగర్‌లో దిగుతాయి. ముంబై పక్కనున్న నవశేవాలోనో, చెన్నైలోనో ఓడ దిగిన పెట్టె అక్కడ సుంకం కట్టకుండానే బయల్దేరి సనత్‌నగర్ ఇన్‌లాండ్ కంటైనర్ డిపోకి చేరుతుంది. దిగుమతిదారు బిల్ ఆఫ్ ఎంట్రీ వేసేది ఇక్కడ, సుంకం కట్టేది ఇక్కడ, సరుకు విడిపించుకునేది ఇక్కడ. రేవుకీ డిపోకీ మధ్య వందల కిలోమీటర్లు. ఆ దారి పొడుగునా అది సుంకం బాకీ ఉన్న సరుకే.

ఇవాళ నేను మాట్లాడబోయేది ఈ మధ్య దారి గురించి. సుంకం బాకీ ఉన్న సరుకు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి, ఒక దేశం మీదుగా ఇంకో దేశానికి వెళ్లే ప్రయాణాన్నే స్థూలంగా కస్టమ్స్ ట్రాన్సిట్ అంటారు. నడవడిక బాగుందని ప్రభుత్వమే గుర్తించి అనుమతి ఇచ్చిన వ్యాపార సంస్థలకు ఈ ప్రయాణాన్ని కొన్ని దేశాలు బాగా తేలిక చేశాయి. ఎలా చేశాయి, అందులో మనకు పనికొచ్చేది ఏమిటి అన్నదే ఇవాళ్టి విషయం. ఇదేదో ఎగుమతి దిగుమతుల ఆఫీసుల గొడవ, మనకెందుకు అని శ్రోతలు అనుకోవద్దని మనవి. లారీ సరిహద్దులో రెండు రోజులు ఆగితే, ఆ రెండు రోజుల కిరాయి, డ్రైవరు బత్తా, పెట్టుబడి మీద వడ్డీ ఎవరో ఒకరు భరించాలి. అయితే రైతుకి దక్కే ధరలో కోత పడుతుంది, లేకపోతే కొనేవాడి మీద పడుతుంది.

ముందు చిక్కు ఎక్కడుందో చెబుతాను. సుంకం కట్టని సరుకుని దారిలో పెట్టె తెరిచి ఎవరైనా అమ్మేసుకుంటే? ఖజానాకి రావలసింది రాదు. అదొక్కటే కాదు, సుంకం కట్టి అదే సరుకు తెప్పించిన నిజాయితీపరుడు బజారులో ఆ దొంగసరుకు ధరతో పోటీ పడలేక మునిగిపోతాడు. అందుకని ఏ ప్రభుత్వమైనా ఈ ప్రయాణానికి మూడు కాపలాలు పెడుతుంది. పెట్టెకు సీలు వేయిస్తుంది. సుంకం మొత్తానికి ఎవరో ఒకరి చేత పూచీ రాయిస్తుంది. సరుకు గమ్యం చేరిందన్న కబురు బయల్దేరిన ఆఫీసుకి అందేదాకా ఆ ఖాతా మూయదు. ఈ మూడింట్లో మూడోదే ప్రాణం అని నా నమ్మకం. అందుకు కారణం యూరప్ అనుభవంలో ఉంది.

చిత్తూరు జిల్లా తోతాపురి మామిడి గుజ్జు డ్రమ్ముల్లో చెన్నై నుంచి ఓడెక్కి నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో దిగిందనుకుందాం. కొనుక్కున్నది మాత్రం స్విట్జర్లాండ్‌లోని పళ్లరసాల కంపెనీ. రోటర్‌డామ్ నుంచి జర్మనీ మీదుగా లారీ వెళ్లాలి. నెదర్లాండ్స్, జర్మనీ యూరోపియన్ యూనియన్‌లో ఉన్నాయి, స్విట్జర్లాండ్ లేదు. దారిలో ఉన్నందుకు రోటర్‌డామ్‌లో సుంకం, పన్నులు కట్టి, మళ్లీ స్విట్జర్లాండ్‌లో కట్టడం న్యాయం కాదు. ముందు కట్టి తర్వాత రాబట్టుకోమంటే అన్నాళ్లూ డబ్బు ఇరుక్కుపోతుంది. ఈ ఇబ్బంది తీర్చడానికి 1987 మే 20న స్విట్జర్లాండ్‌లోని ఇంటర్‌లాకెన్ పట్నంలో ఒక ఒప్పందం కుదిరింది. ఇవతల యూరోపియన్ ఎకనమిక్ కమ్యూనిటీ, అవతల స్విట్జర్లాండ్, నార్వే లాంటి దేశాలు. ఉమ్మడి ట్రాన్సిట్ ఒప్పందం అని దానికి పేరు. ఒక్క డిక్లరేషన్, ఒక్క గ్యారంటీ, అన్ని దేశాల మీదుగానూ చెల్లుతాయి. బయటి సరుకైతే ఆ డిక్లరేషన్‌ని టీ-1 అంటారు. తర్వాతి కాలంలో తుర్కియే 2012లో, ఉత్తర మాసిడోనియా 2015లో, సెర్బియా 2016లో, ఉక్రెయిన్ 2022లో ఇందులో చేరాయి.

మామూలు పద్ధతిలో ఈ మామిడి గుజ్జు లారీ ఏం చేయాలి? బయల్దేరే ముందు కస్టమ్స్ ఆఫీసుకి వెళ్లి సరుకు చూపించాలి. అధికారి కాగితాలు చూసి, అవసరమనుకుంటే పెట్టె తెరిపించి, సీలు వేస్తాడు. గమ్యం చేరాక కూడా లారీ నేరుగా ఫ్యాక్టరీకి పోకూడదు. ముందు అక్కడి కస్టమ్స్ ఆఫీసుకి వెళ్లాలి. శుక్రవారం రాత్రి, ఆఫీసు మూసేశాక చేరితే ఆ ఆఫీసు మళ్లీ తెరిచేదాకా లారీ అక్కడే. డ్రైవరు అందులోనే పడుకుంటాడు.

తేలిక చేసిన పద్ధతిలో ఈ రెండు కొసలూ మారతాయి. పంపే సంస్థకు ఒక హోదా ఉంటుంది, అనుమతి పొందిన పంపకందారు. ఆ సంస్థ తన గిడ్డంగిలోనే లారీ నింపుతుంది. కంప్యూటర్లో డిక్లరేషన్ పంపుతుంది. వచ్చి తనిఖీ చేయాలనుకుంటే కస్టమ్స్‌కి కొంత గడువు ఉంటుంది. ఆ గడువులో ఎవరూ రాకపోతే ప్రయాణానికి అనుమతి కంప్యూటర్లోనే వస్తుంది. అప్పుడు గిడ్డంగి మనిషే, కస్టమ్స్ ముందుగా ఒప్పుకున్న రకం సీలుని, నంబరు రాసుకుని, పెట్టెకు వేస్తాడు. లారీ కదులుతుంది. ప్రయాణం మొత్తానికి పద్దెనిమిది అక్షరాల, అంకెల గుర్తింపు సంఖ్య ఒకటి ఉంటుంది. దారిలో ఏ సరిహద్దు ఆఫీసులోనైనా ఆ సంఖ్య స్కాన్ చేస్తే సరుకు జాతకం తెర మీద కనిపిస్తుంది.

అవతలి కొసలో అనుమతి పొందిన గ్రహీత ఉంటాడు. లారీ తిన్నగా అతని ఆవరణకే వస్తుంది. అర్ధరాత్రి వచ్చినా సరే. అతను వెంటనే కస్టమ్స్‌కి కబురు పంపాలి. దించుకోవచ్చన్న అనుమతి వచ్చేదాకా సీలు ముట్టుకోకూడదు. అనుమతి వచ్చాక సీలు సరిగా ఉందో లేదో చూసి, తెరిచి, సరుకు లెక్కపెట్టి, ఉన్నది ఉన్నట్టు రాసి పంపాలి. పది డ్రమ్ములు తక్కువొస్తే తక్కువొచ్చాయని రాయాలి. దించుకునే అనుమతి వచ్చిన రోజు తర్వాత మూడో రోజు దాటకుండా ఆ నివేదిక వెళ్లాలి. లారీవాడు రసీదు అడిగితే ఇవ్వాలి. ఆ రసీదుతో డ్రైవరు బాధ్యత తీరిపోతుంది.

గ్యారంటీ సంగతీ చెప్పాలి. ప్రతి లారీకీ విడిగా పూచీ ఇవ్వనక్కర లేకుండా, ఒకే పెద్ద గ్యారంటీ కింద ఎన్ని ప్రయాణాలైనా నడుపుకునే వీలు ఈ సంస్థలకు ఉంటుంది. రోడ్డు మీద ఒకే సమయంలో ఉండగల సుంకం బాకీ కోటి రూపాయలు అనుకుందాం. మామూలుగా అయితే కోటికీ పూచీ చూపాలి. నమ్మకం పెరిగేకొద్దీ అది యాభై లక్షలకి, ముప్పై లక్షలకి, చివరికి సున్నాకి కూడా తగ్గుతుంది. యూరోపియన్ చట్టంలో ఈ మెట్లు 50 శాతం, 30 శాతం, సున్నా అని రాసే ఉన్నాయి. వ్యాపారం చేసిన ప్రతి ఒక్కరికీ దీని విలువ తెలుసు. బ్యాంకులో గ్యారంటీ కింద కదలకుండా పడున్న డబ్బు, సరుకు కొనడానికి పనికిరాని డబ్బు.

ఇంత వెసులుబాటు ఎవరికి ఇస్తారు? తరచుగా ట్రాన్సిట్ నడిపేవాళ్లకి. కస్టమ్స్, పన్నుల విషయంలో పెద్ద తప్పులు, పదేపదే తప్పులు చేయనివాళ్లకి. సరుకు రాకపోకల లెక్క ఎప్పుడడిగితే అప్పుడు చూపగలిగిన పుస్తకాలు ఉన్నవాళ్లకి. ఆ పనిలో అనుభవమో అర్హతో ఉన్న మనుషులు ఉన్న సంస్థలకి. యూరప్‌లో 2016 మే నుంచి అమల్లో ఉన్న యూనియన్ కస్టమ్స్ కోడ్ ఈ షరతులు చెబుతుంది. ఇక్కడ అధికారి చూపు పెట్టె మీద నుంచి పుస్తకాల మీదకి మారింది. అంటే నిఘా తగ్గలేదు. వందల పెట్టెల్లో ఒకటో రెండో తెరిచి చూసే బదులు, ఆ వందలూ పంపే సంస్థ ఎలా నడుస్తోందో ముందే పరీక్షిస్తారు, మధ్యమధ్య వచ్చి ఆడిట్ చేస్తారు, మాట తప్పితే అనుమతి లాగేసుకుంటారు.

ఇదంతా ఒక్కరోజులో వచ్చిన తెలివి కాదు, దీని వెనక చేదు చరిత్ర ఉంది. 1990లలో యూరప్ ట్రాన్సిట్ వ్యవస్థ దాదాపు కూలిపోయే స్థితికి వచ్చింది. అప్పుడంతా కాగితాలు. డిక్లరేషన్‌కి ప్రతులుండేవి. సరుకు చేరాక గమ్యంలోని ఆఫీసు ఒక ప్రతి మీద ముద్ర వేసి బయల్దేరిన ఆఫీసుకి పోస్టులో పంపాలి. ఆ ప్రతి నెలల తరబడి వచ్చేది కాదు. వచ్చినా దాని మీది ముద్ర నిజమో దొంగదో తేల్చుకునే దారి ఉండేది కాదు. బెర్లిన్ గోడ కూలాక తూర్పు వైపు లారీల రాకపోకలు విపరీతంగా పెరిగాయి. 1993 జనవరి 1 నుంచి సభ్య దేశాల మధ్య సరిహద్దు తనిఖీలు తీసేశారు. మోసగాళ్లకి ఇంకేం కావాలి? ముఖ్యంగా సిగరెట్లు. ఒక పెద్ద కంటైనర్లో సుమారు కోటి సిగరెట్లు పడతాయి, వాటి మీద పన్ను సరుకు అసలు ధర కంటే ఎన్నో రెట్లు. ఫలానా దేశం బయటికి వెళ్తున్నాయని డిక్లరేషన్‌లో రాసి, మధ్యలోనే దించి అమ్మేసి, దొంగ ముద్రతో ప్రతి తిప్పి పంపేవాళ్లు. అనుమానం వచ్చి ఆరా తీసేసరికి ఆ కంపెనీ బోర్డే ఉండేది కాదు. చివరికి పూచీ ఇచ్చిన మధ్యవర్తులు, వాళ్లలో ఏ పాపం తెలియని చిన్న క్లియరింగ్ ఏజెంట్లూ ఉన్నారు, బాకీ కట్టవలసి వచ్చింది.

యూరోపియన్ పార్లమెంటు దీని మీద విచారణ సంఘం వేసింది, ఆ సంఘం 1997లో నివేదిక ఇచ్చింది. అక్కడి నుంచి సంస్కరణ ఊపందుకుంది. సరుకు బయల్దేరగానే గమ్యంలోని ఆఫీసుకి ఎలక్ట్రానిక్ కబురు వెళ్లే కంప్యూటర్ వ్యవస్థ కట్టారు. 2005 జూలై నుంచి డిక్లరేషన్లు దాని ద్వారానే ఇవ్వాలన్నారు. ఇప్పుడు గడువులోగా చేరిన కబురు రాకపోతే కంప్యూటరే అలారం మోగిస్తుంది. సీలు దొంగది వేయొచ్చు, పూచీ ఇచ్చినవాడు దివాలా తీయొచ్చు. చేరిందన్న కబురు ఒక్కటి నిక్కచ్చిగా, వెంటనే వస్తే మిగతా రెండు లోపాలూ బయటపడక తప్పవు. వ్యాపారి చేతికే సీలు ఇచ్చే ధైర్యం ప్రభుత్వాలకు ఆ కబురు వల్లే వచ్చింది.

బ్రిటన్ సంగతి కూడా చెప్పుకోవాలి. యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి వచ్చినా బ్రిటన్ ఈ ట్రాన్సిట్ ఒప్పందాన్ని వదులుకోలేదు. తన సొంత హోదాలో 2021 జనవరి 1 నుంచి అందులో కొనసాగుతోంది. కారణం డోవర్ రేవుని చూస్తే అర్థమవుతుంది. ఒకవైపు కొండ, ఒకవైపు సముద్రం. రద్దీ రోజుల్లో పదివేల దాకా సరుకు వాహనాలు దాటే ఆ రేవులో లారీలు ఆపి పెట్టెలు తెరిపించే జాగా లేదు. సరుకు తిన్నగా లోపలి ఊళ్లకి పోయి అక్కడ లెక్క తేలాల్సిందే. అందుకే బ్రిటన్ గిడ్డంగి సంస్థలు అనుమతి పొందిన గ్రహీత హోదా కోసం దరఖాస్తులు పెట్టుకున్నాయి. రాజకీయంగా విడిపోయిన వాళ్లు కూడా ఈ ఏర్పాటుని పట్టుకుని ఉన్నారంటే, దాని అవసరం ఎంతటిదో ఊహించుకోవచ్చు.

వ్యాపారికి రాజ్యం ముందుగా మాట ఇవ్వడం, ఆ మాట రాసిపెట్టడం మన తీరానికీ తెలుసు. ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం ఉంది. క్రీస్తు శకం 1244 ప్రాంతానిది. అంతకు ముందు రాజులు తుఫానులో పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాగేసుకునేవాళ్లు. తాను నిర్ణీత సుంకం తప్ప మరేదీ ముట్టుకోనని గణపతిదేవుడు ఆ రాతిస్తంభం మీద ప్రకటించాడు. సరుకులో ముప్పయ్యో వంతు సుంకం. రేవుకి వచ్చేవాడికి ఎంత కట్టాలో, తనకేం జరుగుతుందో ముందే తెలియాలన్న ఇంగితం ఆ శాసనంలో ఉంది.

ఇక మన కాలానికి, మన విశాఖపట్నానికి వద్దాం. నేపాల్‌కి సముద్రం లేదు. దశాబ్దాలుగా దాని దిగుమతులకు కోల్‌కతాయే వాకిలి. 2016లో రెండు ప్రభుత్వాలూ రాసుకున్న లేఖలతో విశాఖ రేవు కూడా నేపాల్ సరుకుకి తెరుచుకుంది. విశాఖలో దిగిన కంటైనర్ రైలెక్కి వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, బిహార్ దాటి నేపాల్‌లోని బీర్‌గంజ్ చేరుతుంది. మన దేశంలో దానికి సుంకం లేదు, బయటికి వెళ్లిపోయే సరుకు కనుక. పాత పద్ధతిలో నేపాల్ దిగుమతిదారుడు మన రేవులో ఏజెంటుని పెట్టుకుని విడిగా ట్రాన్సిట్ డిక్లరేషన్ వేయించాలి. అది పూర్తయ్యేదాకా పెట్టె రేవులోనే. షిప్పింగ్ లైను డిటెన్షన్ చార్జీలు రోజు రోజుకీ పెరుగుతుంటాయి. కొత్త పద్ధతిలో పెట్టెకు ఉపగ్రహం ద్వారా జాడ తెలిపే ఎలక్ట్రానిక్ సీలు వేస్తారు. సరుకుని బీర్‌గంజ్ దాకా చేర్చే బాధ్యత రవాణా సంస్థ తీసుకుంటుంది. దిగుమతిదారుడు మన రేవులో ఆ డిక్లరేషన్ వేయనక్కర లేదు, లెక్కంతా బీర్‌గంజ్‌లోనే. సీలు తెరిచినా, పెట్టె దారి తప్పినా కబురు వెంటనే వస్తుంది. యూరప్ కంప్యూటర్లతో సాధించిన మూడో కాపలా ఇదే. మన రేవులో ఇది జరగడం నాకు సంతోషం.

మన దేశం మరికొన్ని అడుగులు కూడా వేసింది. సీలు వేసిన లారీ అనేక దేశాలు దాటే వీలు కల్పించే టీఐఆర్ ఒప్పందం 1975 నాటిది. అందులో భారత్ 2017లో చేరింది. అదే ఏడాది ఎగుమతిదారులు తమ ఫ్యాక్టరీలోనే కంటైనర్‌కి ఎలక్ట్రానిక్ సీలు తామే వేసుకునే పద్ధతి వచ్చింది. అంతకు ముందు చాలాచోట్ల ఇన్‌స్పెక్టర్ వచ్చి పక్కన నిలబడి సీలు వేయించాల్సి వచ్చేది. ఆయన వచ్చేదాకా కంటైనర్ తలుపు తెరిచే ఉండేది. నమ్మకమైన సంస్థలకు కస్టమ్స్ ఇచ్చే ఆథరైజ్డ్ ఎకనమిక్ ఆపరేటర్ అనే గుర్తింపు 2011లో ప్రయోగంగా మొదలై, 2016లో మూడు అంచెలుగా విస్తరించింది. వాటి పక్కనే రవాణా, గిడ్డంగి సంస్థలకు, కస్టమ్స్ బ్రోకర్లకు విడి విభాగం పెట్టారు. ఆ గుర్తింపు ఉన్న రవాణా సంస్థకు రేవు నుంచి లోపలి డిపోకి పెట్టెలు చేరవేయడానికి బ్యాంకు గ్యారంటీ అక్కర లేదు, ప్రతి ప్రయాణానికీ కొత్త బాండు రాయనక్కర లేదు. సనత్‌నగర్‌కి పెట్టెలు తెప్పించుకునే వ్యాపారులు దీన్ని గట్టిగా పట్టించుకోవాలి.

నా మనసుకి దగ్గరగా ఉన్న మాట ఇప్పుడు చెబుతాను. ఇలాంటి గుర్తింపు ఎక్కడైనా పెద్ద కంపెనీలకే ముందు దొరుకుతుంది. వాళ్లకి విడిగా కస్టమ్స్ విభాగం ఉంటుంది, ఆడిటర్లుంటారు, సాఫ్ట్‌వేర్ ఉంటుంది. గుంటూరులో ఏడాదికి పదీ పదిహేను కంటైనర్ల మిర్చి పంపే వ్యాపారికి అవేవీ ఉండవు. పెద్దవాడి పెట్టె ఆగకుండా పోతే, చిన్నవాడి పెట్టె తనిఖీకి ఆగిపోతే, పోటీలో చిన్నవాడికి దెబ్బ అక్కడే తగులుతుంది. తప్పేమీ చేయకుండానే తగులుతుంది. పుస్తకాలు సరిగా ఉంచుకోవడాన్ని నమ్మకానికి కొలతగా పెట్టిన ప్రభుత్వం, ఆ పుస్తకాలు ఎలా ఉంచాలో చిన్నవాడికి నేర్పే పని కూడా తన మీద వేసుకోవాలి. జిల్లా పరిశ్రమల కేంద్రాల్లో దీనికి ఒక మనిషిని కూర్చోబెట్టాలని నేను కోరుతున్నాను.

యూరప్‌లో చిన్న వ్యాపారులు ఒక దారి పట్టారు. సొంతంగా హోదా తెచ్చుకోలేనివాళ్లు, అనుమతి ఉన్న ఫార్వర్డర్, అంటే రవాణా ఏర్పాట్లు చేసిపెట్టే సంస్థ, గిడ్డంగికి సరుకు చేర్చి, అతని హోదా మీద, అతని గ్యారంటీ మీద పంపుతారు. మన దగ్గర చేనేత సంఘాలు, పసుపు, మిర్చి ఎగుమతిదారుల సంఘాలు కలిసి ఒక ఉమ్మడి గిడ్డంగికి ఇలాంటి గుర్తింపు సాధించలేవా? సాధించగలవనే నేను అంటాను. కాకపోతే ఉమ్మడిలో ఒకరు చేసిన తప్పు అందరి మీదా పడుతుంది. ఎవరి సరుకు ఎప్పుడు లోపలికి వచ్చింది, ఎవరు నింపారు, ఎవరు సీలు వేశారు అన్న లెక్క గంట గంటకీ ఉండాలి. ఆ క్రమశిక్షణకి సిద్ధపడని సంఘం ఈ పని తలపెట్టకపోవడమే మంచిది.

ఆథరైజ్డ్ ఎకనమిక్ ఆపరేటర్ గుర్తింపులో చిన్న పరిశ్రమల కోసం 2020 డిసెంబరులో మన కస్టమ్స్ బోర్డు కొన్ని సడలింపులు ఇచ్చింది. ఇవి వినే శ్రోతల్లో ఎగుమతి చేసేవాళ్లుంటే రాసుకోండి. అంతకు ముందు ఏడాదికి కనీసం 25 కస్టమ్స్ పత్రాలు వేసినవాళ్లే దరఖాస్తు చేయాలనే నిబంధన ఉండేది. చిన్న, మధ్యతరహా సంస్థలకు దాన్ని 10కి తగ్గించారు. వ్యాపారం మూడేళ్లుగా నడుస్తూ ఉండాలన్న షరతు రెండేళ్లయింది. మొదటి అంచెలో బ్యాంకు గ్యారంటీ 50 శాతం కట్టాల్సిన చోట 25 శాతం చాలు. మొదటి అంచెకి దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, అధికారులు ఫ్యాక్టరీకి రారు, కాగితాలు చూసి నిర్ణయిస్తారు. అంటే మీ కాగితాలే మీ తరఫున మాట్లాడాలి.

కాబట్టి దరఖాస్తు కంటే ముందు సీళ్ల రిజిస్టరు ఒకటి మొదలుపెట్టండి. ఏ నంబరు సీలు ఏ రోజు కొన్నారు, ఎవరి బీరువాలో ఉంది, ఏ కంటైనర్‌కి ఎవరు వేశారు, పాడైన సీలుని ఏం చేశారు అన్నవన్నీ అందులో తేదీతో, సంతకంతో ఉండాలి. సీళ్లు తీసి ఇచ్చే అధికారం ఇద్దరికి మించి ఉండకూడదు. వాళ్ల పేర్లు రాతపూర్వకంగా ఉండాలి. షిప్పింగ్ బిల్లులో రాసిన బరువు, వే బ్రిడ్జి చీటీలో బరువు, మీ స్టాకు పుస్తకంలో బరువు మూడూ కలుస్తున్నాయో లేదో నెలకోసారి కూర్చుని చూసుకోండి. కలవకపోతే ఎందుకు కలవలేదో అదే పేజీలో రాయండి. ఆ రాసిన పేజీని దాచకుండా దరఖాస్తుతో పాటే చూపించండి.